ఎడమకాలి మెట్టెలు

అల్లుడు దొడ్డిదారిన వచ్చాడన్నది మొదటి నేరం. విషం మాట ఆ తర్వాత వచ్చింది.

పోలీస్ స్టేషన్ వరండాలో గొడుగు ముడుస్తూ భీమశంకర్ ఈ రెండు సంగతుల్నీ మనసులో వరసగా పెట్టుకున్నాడు. ఉక్కు కర్మాగారం విజిలెన్స్‌లో పాతికేళ్ళు పనిచేసి, రిటైరయ్యాక సాక్చిలో చిన్న గది అద్దెకు తీసుకుని ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్న మనిషాయన. ఆ మధ్యాహ్నం భాలుబాసా నుంచి అమ్మణ్ణి అనే ఆవిడ తడిసిన చీరతో ఆ గదికి పరిగెత్తుకొచ్చింది. తమ్ముడు సూర్యాన్ని డ్యూటీలో ఉండగానే పోలీసులు పట్టుకుపోయారట. పెళ్ళాం సౌజన్యకి ఎలకల మందు పెట్టాడట. ఆ పిల్ల నర్సింగ్ హోంలో ఊపిరాడక కొట్టుకుంటోందట.

"మావోడు ఎలకని కూడా సంపనేడు బాబూ," అంది అమ్మణ్ణి. "బోనులో పడితే వీధి సివరికంటా అట్టుకెళ్ళి వదిలేసొత్తాడు. మర్నాడు అదే ఎలక మళ్ళీ వత్తాది."

భీమశంకర్‌కి నవ్వు రాబోయి ఆగింది. ఎలకని చంపలేనివాడు మనిషిని చంపలేడని ఏ కోర్టూ ఒప్పుకోదు.

సూర్యానికీ సౌజన్యకీ మాఘమాసంలో పెళ్ళయింది. ఇది తొలి ఆషాఢం. కొత్త పెళ్ళికూతురు ఆ నెల పుట్టింట్లో గడపాలి. అత్తా అల్లుడూ ఒక గడప దాటకూడదు. శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ మాట్లాడే ఉక్కు ఊరికి బతకడానికొచ్చి రెండు తరాలైనా బర్మామైన్స్ పేట తెలుగువాళ్ళలో ఆ పట్టింపు సడలలేదు. అలాంటిది, ఆదివారం చీకటి పడే వేళ అల్లుడు పెరటి గోడ దగ్గరికొచ్చి కూతురి చేతిలో ఏదో పొట్లం పెట్టడం అత్త జోగమ్మ కళ్ళారా చూసింది. మంగళవారం ఉదయం, అంటే ఈ ఉదయమే, కూతురు రొమ్ము పట్టుకుని కూలబడింది. చేతుల నిండా నీలం మచ్చలు. జోగమ్మ ఆ రెంటినీ ముడిపెట్టి పోలీసులకి చెప్పింది. కన్నతల్లి ఎవరైనా అంతే చేస్తుంది.

ఎస్సై సత్యప్రసాద్ ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన తెలుగువాడు. ముప్ఫై దాటలేదు. నిరుడు ఒక దొంగతనం కేసులో తాను పట్టుకున్నవాడు నిర్దోషి అని భీమశంకర్ తేల్చినప్పటి నుంచీ ఈయన నీడ పడితే అతనికి గిట్టదు.

"ఏం పెద్దాయనా, పేపరు చదవడం అయిపోయిందా?" అన్నాడు కుర్చీలోంచి లేవకుండా.

"అయిపోయింది బాబూ. అందులో మీ పేరు కనబడలేదు. బాగున్నారో లేదో చూసిపోదామని వచ్చాను."

సత్యప్రసాద్ నవ్వలేదు. కానీ తన పనితనం చూపించుకోవాలన్న ఉబలాటం అతన్ని ఊరుకోనివ్వలేదు. సొరుగులోంచి ప్లాస్టిక్ సంచి తీసి బల్లమీద పెట్టాడు. అందులో ఒక మాత్రల అట్ట ఉంది. సౌజన్య తలగడ కింద దొరికిందట. సాక్చిలో మందుల షాపువాణ్ణి అడిగితే, ఎలకల మందులో వేసే సరుకూ ఇదీ ఒకటేననీ, రక్తాన్ని గడ్డకట్టనివ్వదనీ చెప్పాడట. నర్సింగ్ హోంలో రక్తపరీక్ష చేస్తే గడ్డకట్టడానికి మామూలుకంటే చాలా ఎక్కువసేపు పట్టిందట. మొగుణ్ణి ఇవేం మాత్రలని అడిగితే బలం మాత్రలని బొంకాడట.

"విషం దొరికింది, ఇచ్చినవాడు దొరికాడు, రక్తం సాక్ష్యం చెప్పింది. ఔర్ క్యా చాహియే? ఇంకేం కావాలి?" అన్నాడు సత్యప్రసాద్.

భీమశంకర్ సంచిని వెలుతురుకి ఎత్తి చూశాడు. అట్టలో ఒక చివర నుంచి వరసగా రెండు గుంటలే చిదిమి ఉన్నాయి, ఆదివారం ఒకటి, సోమవారం ఒకటి అన్నట్టు. పొట్లం రహస్యంగా వచ్చినా మాత్రలు మాత్రం క్రమం తప్పకుండా పడ్డాయి. దొంగచాటుగా అన్నంలో కలిపే విషానికి ఇంత పద్ధతి ఎందుకు?

ఖైదీతో కాసేపు మాట్లాడతానన్నాడు. తన ఎదుటే మాట్లాడాలని సత్యప్రసాద్ షరతు పెట్టాడు.

సూర్యం లాకప్‌లో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. డ్యూటీ బూట్లు ఇంకా కాళ్ళకే ఉన్నాయి. భీమశంకర్‌ని చూసి లేచి నమస్కారం పెట్టి, సిగ్గుపడుతున్నట్టు తల దించుకున్నాడు.

"ఆషాడంలో అత్తోరి గోడకాడికి ఎల్లీనానని ఇంత కేసు సేత్తారేటి సార్? తప్పే. కాళ్ళట్టుకుంటాను. మా అత్తకి సెప్పండి."

భీమశంకర్ ఎస్సై వైపు తిరిగాడు. సత్యప్రసాద్ చూపు తప్పించాడు. అసలు సంగతి ఇతనికి ఎవరూ చెప్పలేదన్నమాట. నేరం చేసినవాడికి ముందే తెలుసు కదా అని చెప్పి ఉండరు.

సౌజన్య నర్సింగ్ హోంలో ఉందని భీమశంకర్ మెల్లగా చెప్పాడు. సూర్యం ఊచలు పట్టుకున్నాడు. అతని నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏడుపు కాదు.

"ఆ మాత్ర ఆపొద్దని సెప్పండి సార్. ఒక్క పూట కూడా ఆపొద్దు."

"సున్ లియా?" అన్నాడు సత్యప్రసాద్ చప్పట్లు కొట్టినంత సంతోషంగా. "విన్నారుగా, ఒప్పుకున్నాడు."

సూర్యానికి ఆ మాట వినపడలేదు. ఇంతకాలం దాచుకున్నదంతా ఒక్కసారిగా బయట పెట్టాడు. సౌజన్యకి చిన్నప్పటి నుంచీ ఒంటిమీద నీలం మచ్చలు వస్తూనే ఉన్నాయి. తలుపు తగిలితే మచ్చ, గాజు నొక్కితే మచ్చ. పెళ్ళయిన రెండు నెలలకి కాలు నొప్పి అంటే, తిరుపతి వెళ్తున్నామని అత్తకి చెప్పి వెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాడు. అక్కడి డాక్టర్లు ఆమెకి రక్తపు జబ్బు ఉందనీ, అది బతికినన్నాళ్ళూ ఉండేదేననీ, నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది కాబట్టి పల్చబరిచే మాత్ర రోజూ వేసుకోవాలనీ చెప్పారు. నెలనెలా పరీక్ష చేయించి ఎంత మాత్ర వెయ్యాలో వాళ్ళే ఫోనులో చెబుతారు. పోయిన నెల మాత్రలు అయిపోతే ఆదివారం తనే తెచ్చి గోడమీంచి అందించాడు.

మరి అత్తకెందుకు చెప్పలేదని భీమశంకర్ అడిగాడు.

"ఒట్టేయించుకుంది సార్. మామ భీమారావు గారు డ్యూటీకని ఎల్లి మరి రానేదు. ఆ రోజు నుంచీ ఎవరు ఇంటికి ఆలీసంగా వచ్చినా మా అత్త వీధిలో నిలబడే ఉంటాది. దీనికి ఇలాటి జబ్బని తెలిత్తే అన్నం మానేత్తాది, అమ్మకి సెప్పకు అంది."

"డాక్టరు ఇంకేమన్నాడు? తిండి సంగతి?"

సూర్యం గుర్తు తెచ్చుకున్నాడు. ఆకుకూరలు మానక్కర్లేదన్నారట. కానీ రోజూ ఎంత తింటుందో అంతే తినాలనీ, ఒక్కసారి పెంచడం, తగ్గించడం పనికిరాదనీ గట్టిగా చెప్పారట. అది తనకీ వింతగానే అనిపించిందన్నాడు.

సత్యప్రసాద్ భీమశంకర్‌ని పక్కకి లాగాడు. "కథ బాగుంది. ఒక్క మాట చెప్పండి. ముట్టుకుంటే చర్మం కింద రక్తం చిమ్మే పిల్లకి, రక్తం ఇంకా పల్చబడే మందు ఏ డాక్టరైనా రాస్తాడా? నీళ్ళు కారుతున్న కుండకి ఇంకో చిల్లు పెడతాడా?"

ఆ ప్రశ్న భీమశంకర్‌నీ తొలుస్తోంది. చర్మం కింద కారే రక్తం నరంలో గడ్డ ఎలా కడుతుంది? ఒకే ఒంట్లో రెండూనా?

"అయినా మీరు కంగారు పడక్కర్లేదు," అన్నాడు సత్యప్రసాద్. "ఇది ఎలకల మందు కేసని నేను నర్సింగ్ హోంకి రాసిచ్చాను. బ్లడ్ బ్యాంకు నుంచి ప్లాస్మా తెప్పిస్తున్నారు. సాయంత్రానికి విరుగుడు ఎక్కుతుంది. రక్తం మళ్ళీ చక్కగా గడ్డకడుతుంది."

భీమశంకర్ గొడుగు చంకలో పెట్టుకుని ఫోను బల్ల వైపు కదిలాడు.

సూర్యం అబద్ధం చెబుతుంటే ఆ విరుగుడు సౌజన్యని బతికిస్తుంది. నిజం చెబుతుంటే అదే ఆమెని చంపుతుంది. ఏది నిజమో తెలియకుండా ఆపమంటే తనే హంతకుడవుతాడు. స్టేషన్ ఫోనులో నర్సింగ్ హోంకి రెండుసార్లు తిప్పాడు. లైను కలవలేదు. అన్న కూతురు డాక్టర్ మనస్వి అక్కడే పనిచేస్తుంది గానీ ఆమె డ్యూటీ సాయంత్రం నుంచి. జోగమ్మ ఉండే బర్మామైన్స్, నర్సింగ్ హోంకి వెళ్ళే దారిలోనే ఉంది. ఆయన ఆటో ఎక్కాడు.

జోగమ్మ ఇల్లు రైలుపట్టాల వైపు సందులో ఉంది. ఆమె అప్పుడే నర్సింగ్ హోం నుంచి వచ్చింది. కూతురికి బట్టలూ, కళ్ళు తెరిస్తే పెట్టడానికి ఇంత అన్నమూ తీసుకువెళ్ళాలట. అల్లుడి తరఫున వచ్చిన మనిషని తెలిసి తలుపు మూయబోయింది.

"నేను ఎవరి తరఫునా రాలేదమ్మా," అన్నాడు భీమశంకర్. "నీ కూతురికి ఏమైందో తెలుసుకోవడానికి వచ్చాను. తెలిస్తేనే సరైన మందు పడుతుంది."

ఆమె కాసేపు ఆయన మొహంలోకి చూసి పక్కకి జరిగింది.

"అడగండి బాబూ. నా పిల్ల ఎడంకాలి మెట్టెలు కూడా ఊడబీకినాడు ఆడు. ఆటోలో ఎక్కించినప్పుడు సూసినాను, ఏలు బోడిగా ఉంది. పసుపు ఆరని పిల్ల కాలికి మెట్టెలు నేకుండా సేసినాడు."

ఒక్క కాలి మెట్టెలే. భీమశంకర్ ఆలోచన అక్కడ ఆగింది. దొంగైతే రెండు కాళ్ళవీ తీస్తాడు. పగబట్టినవాడైనా అంతే. ఎడమకాలివి మాత్రమే తీసి కుడికాలివి వదిలేసింది ఎవరు?

సౌజన్య పడుకునే గది చూపించమన్నాడు. గోడవార మంచం, దాని పక్కన ఒక చిన్న దేవుడి గూడు. మంచం కింద ఆమె చెప్పులు. కుడి చెప్పు మామూలుగానే ఉంది. ఎడమ చెప్పు పట్టీని కత్తెరతో మధ్యకి కోసి, గుడ్డపీలికతో వదులుగా కట్టి ఉంది.

"కాలు బెణికింది అంది," అని జోగమ్మ చెప్పింది. "పోనీ డాక్టరుకి సూపిద్దామంటే వద్దంది. మొన్నటి నుంచీ కుంటతంది."

"మొన్నటి నుంచా, అంతకు ముందు నుంచా?"

జోగమ్మకి సరిగా గుర్తులేదు. భీమశంకర్ దేవుడి గూటి ముందు వంగాడు. అమ్మవారి పటానికి వాడిన గులాబీ దండ వేసి ఉంది. పటం కింద ఉన్న చిన్న పీటమీదికి ఆ దండ కొస జారి ఉంది. ఆ దండ ఎప్పటిదని అడిగాడు. శుక్రవారం తనే కట్టి వేశాననీ, మళ్ళీ శుక్రవారం దాకా దండ తియ్యడం తమ ఇంట్లో లేదనీ జోగమ్మ చెప్పింది. రోజూ పెట్టే మందారాలు పక్కన పెడతారట.

ఆయన గొడుగు కొసతో దండ అంచుని జాగ్రత్తగా ఎత్తాడు. పీటమీద గులాబీ రేకులు అతుక్కుపోయి, వాటి అడుగున కుంకం బొట్టు పెట్టిన రెండు వెండి చుట్లు మెరిశాయి.

జోగమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

కొత్త పెళ్ళికూతురు మెట్టెలు తీసి ఎక్కడ పడితే అక్కడ పెట్టదు. కాలు వాచి మెట్టెలు మాంసంలోకి దిగబడుతుంటే సబ్బు నురగతో తీసుకుని, తప్పు క్షమించమని అమ్మవారి పాదాల దగ్గర పెట్టుకుంది. వాటిమీద శుక్రవారం దండ పడింది. సూర్యం గోడ దగ్గరికి వచ్చింది ఆదివారం. అతను రాకముందే కాలు వాచింది. అతను తెచ్చిన పొట్లానికీ ఈ వాపుకీ సంబంధం లేదు. మెట్టెల్ని ఎవరూ ఊడబెరకలేదు. నరంలో ఏదో అడ్డుపడితే అలా వాస్తుంది.

అంటే సూర్యం చెప్పింది నిజం. కానీ వెంటనే ఇంకో ప్రశ్న లేచింది. ఆమె మాత్ర తప్పకుండా వేసుకుంటూనే ఉంది. గడ్డ కట్టకుండా కాపాడే మాత్ర ఎందుకు కాపాడలేదు?

వంటింట్లోంచి కమ్మటి తాలింపు వాసన వచ్చింది. భీమశంకర్ అటు నడిచాడు. పొయ్యిమీద మూకుడులో మునగాకు వేపుడు. వెనక తలుపు తెరిచి ఉంది. పెరట్లో ఉన్న మునగచెట్టు కిందికొమ్మలన్నీ దూసేసినట్టు బోసిగా ఉన్నాయి. పై కొమ్మల్లోనే కాస్త పచ్చదనం మిగిలింది.

"ఆషాడం కదా బాబూ," అంది జోగమ్మ ఆయన చూపు చూసి. "ఈ నెల్లో మునగాకు తింటే ఒంటికి మంచిది. మామూలుగా ఒకటి రెండు సార్లే. కానీ పిల్ల పాలిపోయి వచ్చింది, సేతులు సూత్తే ఎప్పటికన్నా ఎక్కువ నీలాలు. రగతం నేదనుకున్నాను. వచ్చినకాడి నుంచీ రెండు పూటలా అదే పెడతన్నాను. కూర, వేపుడు, పప్పులో, పొడిలో. అది ముద్దంతా తినీసీది, నా మాట కాదనేది కాదు."

ఆకుకూర పెంచొద్దన్నారు సార్. లాకప్‌లో సూర్యం అన్న మాట భీమశంకర్ చెవిలో మోగింది. రోజూ ఎంత తింటుందో అంతే.

"ఉదయం ఏం జరిగిందమ్మా? కూలబడే ముందు?"

జోగమ్మ అరచేతులు చూసుకుంది. "కాలు బిగిసిపోనాది, సలుపుతంది అంది. నువ్వులనూనె కాసి పిక్క నుంచి కిందికి గట్టిగా పిసికినాను. హాయిగా ఉందమ్మా అంది. లేచి నాలుగు అడుగులేసింది. అంతే, ఊపిరి అందలేదు."

భీమశంకర్ ఇంకేమీ అడగలేదు. ఆమె వైపు చూడలేదు కూడా. కొన్ని ప్రశ్నలు అడిగితే జవాబు వచ్చేస్తుంది. ఆయన భార్య శాంత పోయినప్పుడు ఆయన ఇంకెవరి కేసులోనో జవాబులు రాబడుతూ ఊళ్ళో లేడు. అప్పటి నుంచీ ఆసుపత్రికి దారితీసే పనుల్లో ఆలస్యం ఆయనకి భరించరానిది. బట్టల సంచి తను పట్టుకుని, క్యారేజీతో జోగమ్మని ఆటో ఎక్కించాడు.

నర్సింగ్ హోం మెట్లు ఎక్కుతూనే బ్లడ్ బ్యాంకు వాళ్ళ ఐసు పెట్టె ఖాళీగా వరండాలో కనిపించింది. జోగమ్మని బెంచీమీద కూర్చోమని ఆయన లోపలికి పరిగెత్తాడు. సౌజన్య మంచం పక్కన స్టాండుకి పసుపుపచ్చటి సంచి వేలాడుతోంది. చుక్క చుక్కగా దిగుతోంది. సంచి అప్పటికే సగం ఖాళీ అయింది.

ఆయన డాక్టరు కాడు. గొట్టంమీద ఉన్న ప్లాస్టిక్ చక్రాన్ని బొటనవేలితో కిందికి తిప్పి చుక్కని ఆపేశాడు. నర్సు అరిచింది. ఆ అరుపుకి పక్క గదిలోంచి మనస్వి వచ్చింది. అప్పుడే డ్యూటీలోకి వచ్చి కోటు తొడుక్కుంటోంది.

"బాబాయ్, ఏం చేస్తున్నారు?"

"తప్పయితే నన్ను అరెస్టు చేయించు. ముందు నేను చెప్పేది విను."

మెట్టెలు, చెప్పు పట్టీ, వెల్లూరు, మాత్ర, మునగాకు, పిసికిన కాలు. ఆయన చెబుతుంటే మనస్వి వింటూనే దుప్పటి తొలగించి సౌజన్య ఎడమకాలిని చూసింది. పిక్కని చేత్తో కొలిచినట్టు పట్టుకుంది. గుండెమీద స్టెతస్కోపు పెట్టింది. తర్వాత ఆమె చేసిన మొదటి పని, నర్సు చేతిలోని ట్రేలో సిద్ధంగా ఉన్న, రక్తాన్ని గడ్డకట్టించే కె విటమిన్ ఇంజెక్షన్‌ని తీసి పక్కన పెట్టడం. రెండోది, వెల్లూరుకి ఫోను చెయ్యమనడం.

లైను కలిసేలోపు ఇద్దరూ వరండాలో స్తంభం పక్కన నిలబడ్డారు.

"ఒకే ఒంట్లో రెండూ ఎలా ఉంటాయమ్మా?" అని అడిగాడు భీమశంకర్. "మధ్యాహ్నం నుంచీ అదే ఆలోచిస్తున్నాను."

"ఒంట్లో బయటి క్రిములతో పోరాడ్డానికి యాంటీబాడీలు తయారవుతాయి కదా. ఈ అమ్మాయికి అవి దారి తప్పాయి. కాపలా కాయాల్సినవి సొంత ఇంటివాళ్ళమీదే పడ్డాయి. కొన్ని ప్లేట్‌లెట్ల మీద పడి వాటిని తగ్గించేస్తాయి. అందుకే నీలం మచ్చలు. ఇంకొన్ని రక్తనాళాల లోపల గడ్డలు కట్టిస్తాయి. చూసేవాళ్ళకి రక్తం కారిపోయే మనిషిలా కనిపిస్తుంది. అసలు ప్రమాదం మాత్రం గడ్డతోనే. వెల్లూరువాళ్ళు పట్టుకున్నది అదే."

"మరి పరీక్షలో గడ్డకట్టడానికి ఎక్కువసేపు పట్టిందే?"

మనస్వి మొహంలో ఆ పరిస్థితిలోనూ ఒక చిన్న వెలుగు మెరిసింది. "అదే వీటి మాయ. పరీక్షకి గాజుగొట్టంలో మనం ఒక పదార్థం వేస్తాం. ఈ యాంటీబాడీలు వెళ్ళి దాన్నే పట్టేసుకుంటాయి. దాంతో గొట్టంలో ఆలస్యం, ఒంట్లో తొందర. తెలియనివాళ్ళు చూస్తే విషం తిన్నట్టే ఉంటుంది."

"మునగాకు?"

"అందులో కె విటమిన్ బోలెడు. మామూలు మనిషికి మంచిదే. ఈ మాత్ర వేసుకునేవాళ్ళకి ఒక్కసారిగా రోజూ రెండు పూటలా పెడితే మాత్ర పనిచెయ్యదు. కాలిలో గడ్డ కట్టింది. ఉదయం పిసికేసరికి అందులో ముక్క ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ఉంటుంది." ఆమె గొంతు తగ్గించింది. "బాబాయ్, ఈ సంగతి వాళ్ళమ్మకి..."

"తెలియనివ్వను," అన్నాడు భీమశంకర్. "నా రిపోర్టులో కూడా ఉండదు."

వెల్లూరు పెద్ద డాక్టరు ఫోనులో దొరికాడు. సౌజన్య పేరు ఆయనకి గుర్తుంది. గడ్డ పెరక్కుండా హెపారిన్ వెంటనే మొదలుపెట్టమన్నాడు. అయితే ప్లేట్‌లెట్లు తక్కువ కాబట్టి మోతాదు జాగ్రత్తగా చూసుకోవాలనీ, చివరిసారి పరీక్ష ఎప్పుడు చేయించారో, ఎంత మాత్ర వేస్తున్నారో కచ్చితంగా తెలియాలనీ అన్నాడు. అది తెలిసిన మనిషి ఒక్కడే. అతను లాకప్‌లో ఉన్నాడు.

భీమశంకర్ స్టేషన్‌కి ఫోను చేశాడు. సత్యప్రసాద్ ఖైదీని బయటికి తేవడం కుదరదన్నాడు. రూల్సు చెప్పాడు. రిటైరైనవాళ్ళు పోలీసులకి పాఠాలు చెప్పక్కర్లేదన్నాడు. భీమశంకర్ అంతా విన్నాడు.

"బాబూ, సగం సంచి ఎక్కేసింది. ఎక్కించమని కాగితంమీద సంతకం పెట్టింది సూర్యం కాదు, మీరు. ఆ పిల్లకి ఏమైనా అయితే రేపు పేపర్లో మీ పేరు తప్పకుండా వస్తుంది."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

జీపు వచ్చేసరికి హెపారిన్ మొదలైంది. సూర్యాన్ని సంకెళ్ళతోనే తీసుకొచ్చారు. మనస్వి అడిగినవాటికి అతను తడబడకుండా జవాబులు చెప్పాడు. అన్నీ అతనికి నోటికొచ్చు. గాజుగొట్టం సంగతి మనస్వి నోటే విన్న సత్యప్రసాద్ టోపీ తీసి చంకలో పెట్టుకుని గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. అతని మొహంలో మధ్యాహ్నపు బింకం లేదు.

"గాజుగొట్టం అబద్ధం చెబుతుందని నాకెలా తెలుస్తుందండీ?" అన్నాడు చివరికి.

"నాకూ తెలియదు బాబూ. మెట్టెలు చెప్పాయి."

అప్పుడు స్తంభం వెనక బెంచీ మీద నుంచి జోగమ్మ లేచింది. భీమశంకరూ మనస్వీ మాట్లాడుకున్న స్తంభం అది. ఆమె అంతసేపూ దాని వెనకే ఉంది. క్యారేజీ ఒళ్ళోనే పెట్టుకుని మూత తియ్యకుండా కూర్చుంది.

ఎదురుగా అల్లుడు. ఆషాఢం. సూర్యం చటుక్కున మొహం పక్కకి తిప్పుకుని, అత్తకి కనపడకుండా పక్క గదిలోకి తప్పుకోబోయాడు. సంకెల పట్టుకున్న కానిస్టేబుల్ కదలలేదు.

"ఎక్కడికెల్తావు," అంది జోగమ్మ. ఆమె అతని పక్క నుంచి నడిచి సత్యప్రసాద్ ముందు ఆగి, రెండు చేతులూ జోడించి చాపింది.

"పోలీసు బాబూ, నన్ను తీసుకెల్లు. కూర నాను వండినాను. కాలు నాను పిసికినాను. ఆడు మందు తెచ్చినాడు, దాన్ని పని సెయ్యనీకుండా సేసింది నాను. ఆ గొలుసులు ఇటెట్టు."

ఆమె ఏడవలేదు. ఆ చేతులకి ఇంకా నువ్వులనూనె జిడ్డు మెరుస్తోంది. సత్యప్రసాద్ వాటి వైపు చూడలేక కానిస్టేబుల్ చేతిలోంచి తాళంచెవి తీసుకున్నాడు గానీ, దానితో ఏం చెయ్యాలో తెలియనివాడిలా నిలబడిపోయాడు. చట్టంలో ఈ నేరానికి పేరు లేదు.

తెలియక చేసింది తప్పు కాదమ్మా అని భీమశంకర్ అనబోయాడు. అలా అంటే ఆమె తెలుసుకున్నదంతా నిజమేనని ఒప్పుకున్నట్టవుతుంది. ఊరుకున్నా అంతే.

లోపలి తలుపు తెరుచుకుంది. నర్సు బయటికి వచ్చింది. ఆమె పిడికిట్లో దూది ఉంది. మనస్వి కోసం అటూ ఇటూ చూసి, గబగబా హిందీలో చెప్పింది. పేషెంటు కుడికాలు కూడా వాస్తోంది. వేళ్ళు నల్లబడుతున్నాయి. డాక్టరమ్మ వెంటనే రావాలి.

మనస్వి ఆ మాట పూర్తికాకుండానే లోపలికి పరిగెత్తింది. నర్సు పిడికిలి విప్పింది. దూది మధ్యలో రెండు వెండి చుట్లు, కుడికాలివి. సబ్బు తడి ఇంకా ఆరలేదు.

"యే కిస్కో దూఁ?" అని అడిగింది. ఎవరికివ్వాలి?

భీమశంకర్ చెయ్యి చాపబోయాడు. జోగమ్మ ఆ చేతిని పక్కకి తోసి, అల్లుడి సంకెల చేతుల్ని మణికట్టు దగ్గర పట్టుకుని నర్సు ముందుకి లాగింది. నెల మొదలైన దగ్గర్నుంచీ అతని మొహం చూడని మనిషి ఇప్పుడు కళ్ళెత్తి నిండుగా చూసింది.

"ఏలికి పెట్టినోడి సేతికే ఇయ్యి అమ్మా," అంది. "మళ్ళీ పెట్టాల్సింది ఆడే."

సూర్యం దోసిలి పట్టాడు. తాళంచెవి ఇంకా సత్యప్రసాద్ చేతిలోనే ఉంది. లోపల నుంచి మనస్వి గొంతు వినిపించింది. ఆక్సిజన్ పెంచమంటోంది.